ఆ బ్యాటరీ టెస్టుల కాగితాన్ని బీరువాలో పెట్టకండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ క్రీడా ప్రాధికార సంస్థల ఛైర్మన్లకు, ఎండీలకు, స్పోర్ట్స్ స్కూళ్ల ప్రత్యేకాధికారులకు, కోచ్‌లకు నమస్కారం.

నేను క్రీడాకారులకు ఫిట్‌నెస్ పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించడం, చెవి తమ్మె నుంచి రక్తపు చుక్క తీయడం, ఎంత ఎత్తు దూకారో కొలవడం, వచ్చిన అంకెలను కోచ్‌కు అర్థమయ్యేలా రాసివ్వడం, ఇదీ నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లు ఎక్కువగా పద్దెనిమిది, ఇరవై ఏళ్లవాళ్లు. అప్పటికే నేషనల్స్ ఆడి ఉంటారు. చాలామంది మోకాలికో మడమకో టేపు చుట్టుకునే వస్తారు. "చిన్నప్పటి కొలతలేమైనా ఉన్నాయా, హాస్టల్లో చేరినప్పటివి?" అని అడుగుతాను. జిప్ ఉన్న ప్లాస్టిక్ ఫైలు బయటికి తీస్తారు. మెరిట్ సర్టిఫికెట్లు, ఆధార్ జిరాక్సులు, కుల ధ్రువీకరణ పత్రం, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు అన్నీ ఉంటాయి. ఆ అమ్మాయి పన్నెండేళ్లప్పుడు ఎంత ఎత్తుంది, 800 మీటర్లు ఎంత టైమింగ్‌లో పరిగెత్తింది, అప్పట్లో హిమోగ్లోబిన్ ఎంత అన్న కాగితం మాత్రం ఉండదు.

కొలవలేదా అంటే కొలిచారు. హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్ స్పోర్ట్స్ స్కూళ్లలో నాలుగో తరగతి సీటు కోసం పిల్లలు మండల స్థాయి నుంచి పోటీ పడతారు. ఎత్తు, బరువు చూస్తారు. 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, ఆరుసార్లు పది మీటర్ల షటిల్ రన్, స్టాండింగ్ బ్రాడ్ జంప్, వర్టికల్ జంప్, మెడిసిన్ బాల్ విసరడం, ముందుకు వంగే ఫ్లెక్సిబిలిటీ, 800 మీటర్ల పరుగు. పీఈటీ సార్లు వీటన్నిటినీ కలిపి బ్యాటరీ టెస్టులంటారు. ప్రతి పిల్లాడి అంకెలూ ఒక ఫారం మీదికి ఎక్కుతాయి, వాటికి మార్కులు పడతాయి, జాబితా నోటీసు బోర్డుకెక్కుతుంది. అక్కడితో ఆ ఫారం పని అయిపోతుంది. కడప పుట్లంపల్లి స్పోర్ట్స్ స్కూలు సెలెక్షన్స్‌కు వెళ్లొచ్చిన తల్లిదండ్రులను అడిగినా ఇదే మాట: "సీటు వచ్చిందా లేదా అని చెప్పారు సార్, అంకెలు మాకెవరిస్తారు?"

నా విన్నపం చిన్నదే. ఆ ఫారం ఆ పిల్లాడి రికార్డులో మొదటి పేజీ కావాలి. మూడు నెలలకోసారి అవే పరీక్షలు, అదే పద్ధతిలో మళ్లీ జరగాలి. ఆ రికార్డు పిల్లాడు ఎక్కడికి మారితే అక్కడికి వెళ్లాలి. ఇది చెయ్యకుండా కోట్ల రూపాయల ల్యాబులు కట్టినా ఆ డబ్బుకు ఫలితం ఉండదని నా అభిప్రాయం. ఎందుకో కాస్త వివరంగా చెప్పనివ్వండి.

ముందు పిల్లల సంగతి. తొమ్మిదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే అప్పటిదాకా బతికిన కాలంలో పదోవంతు. ఒకే ఏడాది పుట్టిన ఇద్దరిలో జనవరి పిల్లాడు డిసెంబరు పిల్లాడికంటే దూరం దూకితే అందులో ప్రతిభ ఎంత, పెరుగుదల ఎంత అన్నది ఆ ఒక్క దూకుడుతో తేలదు. రెండేళ్ల పాటు మళ్లీ మళ్లీ కొలిస్తే కొంత తేలుతుంది. ఇక పన్నెండు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి వ్యవహారం ఇంకా చిక్కుపడుతుంది. ఆడపిల్లలు సుమారు పన్నెండేళ్ల దగ్గర, మగపిల్లలు పద్నాలుగు దగ్గర ఒక్కసారిగా ఏపుగా పెరుగుతారు. ఎముక ముందు సాగుతుంది, కండరాలు, వాటిని ఎముకకు కట్టిపడేసే నరాల్లాంటి పట్టీలు వెనకబడతాయి. మోకాలి చిప్పకు కాస్త కింద, ఎముక మీద గట్టి బొడిపె తేలుతుంది. ముట్టుకుంటే పిల్లాడు కాలు వెనక్కి లాక్కుంటాడు. దూకే ఆటల్లో, పరుగెత్తే ఆటల్లో ఇది చాలా మామూలు. కొన్ని వారాలు దూకుళ్లు తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటుంది. కానీ వాడు ఆ నెలల్లోనే వేగంగా పెరుగుతున్నాడని తెలియని కోచ్‌కు అది బద్ధకంలా కనిపిస్తుంది. "నాటకాలాడకు, ఇంకో రౌండు కొట్టు" అంటారు.

ఇది కనిపెట్టడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు. ఒక గోడ టేపు, ఒక స్టూలు, ఒక మంచి బరువు మిషన్. నిలబడి ఎత్తు, స్టూలు మీద కూర్చోబెట్టి ఎత్తు, బరువు, పుట్టిన తేదీ. వీటితో ఆ పిల్లాడు తన పెరుగుదల శిఖరానికి ఎంత దూరంలో ఉన్నాడో అంచనా వేసే సూత్రం 2002లో కెనడా పరిశోధకులు ఇచ్చారు. అది పక్కా లెక్క కాదు, కొన్ని నెలలు అటూ ఇటూ తప్పుతుంది. అయినా మూడు నెలలకోసారి కొలిచిన వరస చేతిలో ఉంటే గీత ఎక్కడ నిటారుగా లేస్తోందో ఎవరికైనా తెలుస్తుంది. ఒక్కటే షరతు: ఎప్పుడూ పొద్దున్నే, చెప్పుల్లేకుండా కొలవాలి. సాయంత్రానికి మనిషి దాదాపు ఒక సెంటీమీటరు పొట్టి అవుతాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలిస్తే పిల్లాడు పెరగడం ఆగిపోయాడనుకుంటాం.

ఎలా కొలిచామన్నది ఎంత ముఖ్యమో మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీని చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయాల పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పరిగెత్తింది. అప్పటికి జాతీయ రికార్డు అనురాధా బిస్వాల్ పేరిట 2002 నుంచి ఉన్న 13.38. ఐనా జ్యోతికి రికార్డు ఇవ్వలేదు. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 వచ్చింది. ఈసారి వెనక గాలి సెకనుకు 2.1 మీటర్లుంది. 2.0 దాటకూడదు. మళ్లీ పోయింది. ఆ మే నెలలో సైప్రస్‌లో 13.23 పరిగెత్తాక గాని రికార్డు ఆమె పేరు మీదికి రాలేదు. మన అభిమానులకు అప్పట్లో కోపం వచ్చింది, నాకూ వచ్చింది. కానీ నిబంధన సరైనదే. గాలి ఎంత, ట్రాక్ ఏది, గడియారం ఏది అని చెప్పకుండా రాసిన టైమింగ్‌ను ఎవరూ నమ్మరు.

అంత నిక్కచ్చిగా ఉండే ఆటలోనే, సెలెక్షన్ దగ్గరికి వచ్చేసరికి బొటనవేలితో స్టాప్‌వాచ్ నొక్కి 30 మీటర్ల టైమింగ్ రాస్తాం. స్ప్రింట్లలో చేతి గడియారం టైమింగ్‌ను ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చాలంటే 0.24 సెకన్లు కలపడం అథ్లెటిక్స్‌లో పాత ఆనవాయితీ. 30 మీటర్ల పరుగులో ఇద్దరు పిల్లల మధ్య తేడా చాలాసార్లు అంతకంటే తక్కువే ఉంటుంది. నొక్కే సారు మారితే టైమింగ్ మారుతుంది. ఒక జిల్లాలో సింథటిక్ ట్రాక్, ఇంకో జిల్లాలో నాపరాళ్లు తేలిన జూనియర్ కాలేజీ గ్రౌండు. ఒకచోట ఆరున్నరకు పరిగెత్తిస్తారు, ఇంకోచోట ముఖ్య అతిథి వచ్చి జెండా ఊపేసరికి పదకొండవుతుంది. కిరాణా కొట్టులో కాటాకు కూడా తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలంటాం. పిల్లాడి ఏడేళ్ల చదువు, తిండి, ఆట తేల్చే కొలతకు ఆ పాటి ముద్ర కూడా లేదు. పరిగెత్తేవాళ్లు కాంతి కిరణాన్ని దాటగానే టైమింగ్ దానంతటదే నమోదయ్యే ఫొటోసెల్ టైమింగ్ గేట్లు జిల్లాకొక సెట్టు కొనడం రాష్ట్ర ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. అది కూడా కుదరదంటే కనీసం ఫారం మీద మూడు గడులు పెంచండి: గ్రౌండు ఏది, సమయం ఎంత, స్టాప్‌వాచ్ పట్టింది ఎవరు.

ఇప్పుడు ల్యాబు మాట. అందరికీ తెలిసిన పేరు వీఓటూ మ్యాక్స్. నిమిషానికి కిలో బరువుకు ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను శరీరం వాడుకోగలదన్న లెక్క. ముక్కు, నోరు మూసేలా మాస్క్ బిగించి, ట్రెడ్‌మిల్ వేగం పెంచుకుంటూ పోతాం. చివరి నిమిషంలో పిల్లల మొహాలు చూడాలి. మాస్క్ తీశాక వాళ్లు మమ్మల్ని ఏమంటారో ఇక్కడ రాయలేను. కోచ్ సార్లు రిపోర్టు అందుకోగానే ముందు చూసేది ఈ ఒక్క అంకెనే, "ఎంత వచ్చింది?" అని. టీవీల్లోనూ ఇదే అడుగుతారు.

ఆ అంకె మీద ఇంత మోజు అనవసరం. 2012లో ఆస్కార్ స్వెండ్‌సన్ అనే నార్వే సైక్లిస్టు కుర్రాడికి పద్దెనిమిదేళ్ల వయసులో 97.5 వచ్చింది. అప్పటిదాకా ప్రపంచంలో ఎవరికీ అంత నమోదైనట్టు వినలేదు. రెండేళ్లు తిరిగేసరికి సైక్లింగ్ మానేసి చదువుకోవడానికి వెళ్లిపోయాడు. ఇంకోవైపు పౌలా రాడ్‌క్లిఫ్ ఉంది. 2003 లండన్ మారథాన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లు పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టిన ఇంగ్లిష్ అమ్మాయి. 1990ల మొదట్లో, పద్దెనిమిదేళ్లప్పటి నుంచి ఆమెను ఆండ్రూ జోన్స్ అనే శాస్త్రవేత్త పరీక్షిస్తూ వచ్చాడు. పదేళ్లకు పైగా ఆమె వీఓటూ మ్యాక్స్ 70 దగ్గరే ఉండిపోయింది. పెరిగింది వేరే: ఒకే వేగంతో పరిగెత్తడానికి ఆమెకు కావలసిన ఆక్సిజన్ ఆ కాలంలో దాదాపు 15 శాతం తగ్గింది. ఒక్క అంకెనే చూసే ల్యాబైతే "ఈ అమ్మాయిలో ఇక ఎదుగుదల లేదు" అని ఫైలు మూసేసేది. ఒకే మనిషి, ఒకే పద్ధతి, ఏళ్ల తరబడి కొలత ఉండబట్టి ఆ ఎదుగుదల కంటికి కనిపించింది.

కోచ్‌కు రోజూ పనికొచ్చేది రక్తంలో లాక్టేట్ పరీక్ష. గట్టిగా శ్రమపడ్డప్పుడు కండరాల నుంచి రక్తంలోకి ఎక్కువగా చేరే పదార్థం లాక్టేట్. మూడు నాలుగు నిమిషాలకోసారి వేగం పెంచుతూ, ప్రతి మెట్టు చివర చెవి తమ్మె నుంచి ఒక చుక్క తీస్తాం. కూర్చున్నప్పుడు లీటరుకు ఒక మిల్లీమోల్ దగ్గర ఉంటుంది. ఒక వేగం దాకా పెద్దగా కదలదు, ఆ తర్వాత ఒక్కసారిగా లేస్తుంది. ఎక్కడ లేచిందో, అప్పుడు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో తెలిస్తే తేలిక పరుగు ఎంత తేలికగా ఉండాలో కోచ్ చెప్పగలుగుతారు. మన దగ్గర ఎక్కువగా జరిగే పొరపాటు ఇక్కడే. తేలిక పరుగు రోజున కూడా పిల్లలు ఒకరినొకరు తరుముకుంటారు. అసలైన కష్టం పడాల్సిన రోజున కాళ్లు ఆడవు. సార్ తిడతారు, వీళ్లు ఇంకా గట్టిగా పరిగెత్తుతారు. ఓ గీత గీసి "నీ తేలిక పరుగు ఇది, దీన్ని దాటకు" అని చూపిస్తే మధ్య దూరాల పిల్లల్లో ఎంత మార్పు వస్తుందో చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను.

కానీ ఈ పరికరాలు నడిపే మనిషి లేకపోతే ఏమవుతుందో కూడా చూశాను. పేరు అక్కర్లేదు, ఒక శిక్షణ కేంద్రంలో గ్యాస్ ఎనలైజర్‌తో సహా ఖరీదైన ట్రెడ్‌మిల్ ఉంది. దాని మీద దుప్పటి కప్పి ఉంది. ఎందుకు వాడట్లేదంటే కాలిబ్రేషన్ సిలిండరు అయిపోయిందట. ప్రతి పరీక్షకు ముందు ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతెంత ఉన్నాయో ముందే తెలిసిన గ్యాసుతో ఆ యంత్రాన్ని సరిచూడాలి, మూడు లీటర్ల సిరంజితో గాలి కొలతను సరిచూడాలి. సిలిండరు నింపించే ఫైలు టేబుల్ నుంచి టేబుల్‌కు తిరుగుతూ ఉండిపోయింది. ఆ గదిలో పనిచేయాల్సిన అబ్బాయి కాంట్రాక్టు రెన్యువల్ కాలేదు. వేరే ఉద్యోగం చూసుకున్నాడు. ఆ దుప్పటి మీద ఎవరో ఉతికిన జెర్సీలు ఆరేశారు. కొత్త క్రీడా విధానాలు, కొత్త స్పోర్ట్స్ యూనివర్సిటీ అని వినిపిస్తున్న ఈ రోజుల్లో నాకు ఆ గదే గుర్తొస్తుంది. యంత్రం కొనే జీవోలోనే మనిషి పోస్టు, ఏటా నడిపే ఖర్చు కూడా రాయించండి. లేదంటే కొనకండి.

యో-యో టెస్ట్ గురించి చెప్పకుండా ఈ లేఖ పూర్తికాదు. డెన్మార్క్‌కు చెందిన యెన్స్ బాంగ్స్‌బో ఫుట్‌బాల్ లాంటి ఆటల కోసం తయారుచేసిన పరీక్ష ఇది. ఇరవై మీటర్లు వెళ్లి రావడం, పది సెకన్లు విరామం, బీప్ వేగం పెరుగుతూ ఉంటుంది. 2018లో మన క్రికెట్ బోర్డు గీత 16.1. అంటే మొత్తం 1,120 మీటర్లు. మన గుంటూరు వాడు అంబటి రాయుడు 2018 ఐపీఎల్‌లో చెన్నై తరఫున 602 పరుగులు కొట్టి ఇంగ్లండ్ వన్డేలకు ఎంపికయ్యాడు. జూన్‌లో బెంగళూరులో యో-యోలో ఆ గీత అందలేదు. జట్టులోంచి తీసేసి సురేశ్ రైనాను తీసుకున్నారు. తర్వాత టెస్ట్ పాసై సెప్టెంబరులో ఆసియా కప్‌కు తిరిగొచ్చాడు. పరీక్ష చెడ్డదని నేననను. మళ్లీ మళ్లీ పరిగెత్తి కోలుకునే శక్తిని అది బాగానే కొలుస్తుంది. నాకు నచ్చనిది దాన్ని వాడిన తీరు. ఎంపిక చేశాక పరీక్ష పెట్టడం, అందరికీ ఒకటే గీత గీయడం, తప్పిన సంగతి దేశమంతా తెలిసేలా చేయడం. నాలుగు నెలల ముందు నుంచి నెలకోసారి కొలుస్తూ వస్తే ఆ కబురు పత్రికలకు ఎక్కే అవసరమే వచ్చేది కాదు. పెద్ద జట్టును చూసి ఇప్పుడు అండర్-14 అకాడమీలు కూడా 16.1 అంటున్నాయి. పదమూడేళ్లవాడికి ఆ అంకెతో ఏం పని?

పైగా ఒళ్లు విరిచి పరిగెత్తే ఏ పరీక్షకైనా ముందు గుండె వినాలి. ఇటలీలో 1982 నుంచి పోటీ క్రీడాకారులకు ఈసీజీతో సహా వైద్య పరీక్ష తప్పనిసరి. మన దగ్గర చాలాచోట్ల "ఫిట్" అని డాక్టరు సంతకం ఉన్న కాగితం ఒకటి తెస్తే సరిపోతుంది. ఆ సంతకం ఎలా వస్తుందో మీకు తెలుసు, నాకు తెలుసు.

పరీక్షలు మూడు నెలలకోసారి. మధ్యలో రోజూ ఏం జరుగుతోందన్నదే అసలు మానిటరింగ్. దీనికి అయ్యే ఖర్చు పిల్లాడికి ఒక నోటుబుక్కు. ప్రాక్టీసు అయిన అరగంటకు ఒకటే ప్రశ్న: ఈ రోజు ఎంత కష్టంగా అనిపించింది, సున్నా నుంచి పదిలో? ఆ అంకెను ప్రాక్టీసు చేసిన నిమిషాలతో గుణించాలి. తొంభై నిమిషాలు, కష్టం ఏడు అంటే 630. ఇదే ఆ రోజు శరీరం మీద పడిన లోడ్. అమెరికా శాస్త్రవేత్త కార్ల్ ఫాస్టర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. పెద్ద పెద్ద క్లబ్బులు జీపీఎస్ జాకెట్లు వేసుకుని కూడా దీన్ని వదల్లేదు. దాంతోపాటు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, ఎక్కడైనా నొప్పి ఉందా, ప్రాక్టీసుకు ముందూ తర్వాతా బరువెంత. ఎండాకాలంలో ఒక ప్రాక్టీసులో కిలోన్నర తగ్గిన పిల్లాడు చాలినన్ని నీళ్లు తాగలేదని ఆ రోజే తెలిసిపోతుంది.

వారం మొత్తాలు ఒక వరుసలో రాస్తే కోచ్‌కు తన ప్లానే అద్దంలా ఎదురొస్తుంది. సంక్రాంతి సెలవుల తర్వాత వారాలు చూడండి. పది రోజులు ఊళ్లో అరిసెలు, సకినాలు తిని, గాలిపటాలు ఎగరేసి వచ్చిన పిల్లల చేత మొదటి సోమవారమే డిసెంబరులో చేయించినంత చేయిస్తాం, ముందు మీట్ ఉంది కదా అని. ఫిబ్రవరిలో హ్యామ్‌స్ట్రింగ్, అంటే తొడ వెనక కండరం, పట్టేసిన పిల్లలు వరసకట్టి ఫిజియో దగ్గర కూర్చుంటారు. లోడ్ ఎంత శాతం పెంచవచ్చన్న సూత్రాల మీద శాస్త్రవేత్తల మధ్య వాదాలున్నాయి, నేను ఏ శాతమూ చెప్పను. సున్నా నుంచి ఒక్కసారిగా పైకి వెళ్లకూడదన్న దాని మీద మాత్రం ఎవరికీ పేచీ లేదు.

ఈ నోటుబుక్కుకు ఒక ప్రాణాంతకమైన జబ్బు ఉంది: అబద్ధం. ఏటా జరిగే మూల్యాంకనంలో హాస్టల్ సీటు పోతుందేమోనన్న భయం ఉన్న పిల్లాడు నొప్పి ఉందని రాయడు. "బాగానే ఉంది సార్" అంటాడు. కష్టం తొమ్మిది అయినా ఐదు రాస్తాడు, లేదా సారుకు నచ్చుతుందని ఐదైనా తొమ్మిది రాస్తాడు. అందుకే రోజువారీ నోటుబుక్కులో ఉన్న ఏ మాటనూ సీటు తీసేయడానికి, జట్టులోంచి తప్పించడానికి వాడబోమని మీరు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి. సెలెక్షన్ టెస్టులు వేరు, ఇది వేరు. ఆ రెండింటినీ కలిపిన రోజున నోటుబుక్కు చచ్చిపోతుంది. అంకెలు చెప్పలేని పిల్లలకు మొహాల బొమ్మలు పెట్టండి. మేధోపరమైన వైకల్యం ఉన్నవారి టీ20 విభాగంలో వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి 2024 ప్యారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చిన రాష్ట్రం మనది. ఆ విభాగాల పిల్లలకు తగ్గ పద్ధతి మనమే తయారుచేసుకోవాలి.

ఆడపిల్లల రక్తం గురించి విడిగా చెప్పాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. మన రెండు రాష్ట్రాలూ అందుకు మినహాయింపు కాదు. ఊపిరితిత్తుల నుంచి కండరానికి ఆక్సిజన్ మోసేదే హిమోగ్లోబిన్. అది తక్కువున్న అమ్మాయిని ట్రెడ్‌మిల్ ఎక్కించి "స్టామినా లేదు" అని రాసిస్తే అది శాస్త్రం కాదు. హిమోగ్లోబిన్ మామూలుగా ఉన్నా ఫెరిటిన్, అంటే ఒంట్లో దాచిపెట్టుకున్న ఇనుము, అడుగంటి ఉండొచ్చు. ఏడాదికి రెండుసార్లు ఈ రెండూ చూడండి. తక్కువుంటే డాక్టరు చెప్పిన మాత్రలతోపాటు హాస్టల్ మెస్సులో ఏం మారాలో చూడండి. భోజనం అయిన వెంటనే టీ ఇచ్చే అలవాటు మానిపిస్తే చాలు, తిన్న ఇనుము కొంతైనా ఒంటబడుతుంది. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. హకీంపేట నుంచి అక్కడికి పెద్ద దూరమేమీ కాదు. వాళ్లను పిలిచి మెస్సు మెనూ చూపించండి.

ఇంకా సున్నితమైనది నెలసరి. "పీరియడ్స్ ఆగిపోయాయా, మంచిదే, ట్రైనింగ్ బాగా పడుతోందన్నమాట" అనే మాట నేను కోచ్‌ల నోటా విన్నాను, అమ్మాయిల నోటా విన్నాను. అది పూర్తిగా తప్పు. చేసే శ్రమకు తగ్గ తిండి లేకపోతే శరీరం ఒక్కో పనీ ఆపుకుంటూ పోతుంది, నెలసరి ఆగడం దానికి తొలి గుర్తుల్లో ఒకటి. ఎముకల బలం తగ్గుతుంది, పాదంలో, ముంగాలిలో సన్నటి పగుళ్లు వస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014 నుంచి దీని మీద ప్రత్యేకంగా హెచ్చరిస్తోంది, మగపిల్లలకూ ఇలాంటి శక్తి కొరత వస్తుందని చెబుతోంది. ప్రతి స్పోర్ట్స్ హాస్టల్లో ఒక మహిళా సిబ్బంది చేతిలో మాత్రమే ఉండే రికార్డు కావాలి. అది కోచ్‌లందరూ చూసే గోడ మీద చార్టు కాకూడదు.

రికార్డు ఎవరిది అన్న ప్రశ్న ఇక్కడికే వస్తుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. వాళ్ల వివరాలు తీసుకుని వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. మనం మాత్రం రక్త పరీక్షల రిపోర్టులు వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నాం. మరోపక్క, ఆ వివరాలు నిజంగా కావలసినవాళ్లకు అందవు. జ్యోతి విశాఖలో మొదలై, హైదరాబాద్, గుంటూరు, అక్కడి నుంచి భువనేశ్వర్ దాకా కేంద్రాలు మారింది. మన పిల్లలందరిదీ ఇంచుమించు ఇదే దారి. కొత్త కోచ్ మళ్లీ మొదటి నుంచి కొలుస్తారు. పాత గాయం ఎక్కడ, ఎప్పుడు, ఎంత లోడ్ మీద వచ్చిందన్నది పిల్లల జ్ఞాపకమే. అందుకే అసలు కాపీ క్రీడాకారుడి చేతిలో ఉండాలి, సంస్థ దగ్గర ఉండేది నకలు కావాలి.

ఇంతకీ మీరు చేయాల్సింది: ఒక్కో స్పోర్ట్స్ స్కూలుకు ఒక్కో వ్యాయామ శరీరధర్మ నిపుణుడి శాశ్వత పోస్టు. కాంట్రాక్టు మీద ఏడాదికొకరు మారితే పదేళ్ల రికార్డు రాసేవాళ్లుండరు. అన్ని కేంద్రాల్లో ఒకటే పరీక్షా పద్ధతి, రెండు రాష్ట్రాలు కూర్చుని ఒప్పుకున్నది. కొలతల వరకైనా మనం కలిసి పనిచేయలేమా? ఇది ఒక్క ఏడాదిలో పతకం తెచ్చే పని కాదు, మీ పదవీకాలంలో దీని ఫలితం ఫొటోకెక్కకపోవచ్చు కూడా. అందుకే ఎవరూ మొదలుపెట్టరని నా అనుమానం.

మొదలు మాత్రం వచ్చే సెలెక్షన్స్‌తోనే పెట్టొచ్చు, దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు. సీటు వచ్చినా రాకపోయినా ప్రతి పిల్లాడి తల్లిదండ్రులకూ ఆ బ్యాటరీ టెస్టుల ఫారం నకలు ఒకటి సంతకం చేసి ఇవ్వండి. సీటు రానివాడు మరుసటి ఏడాది మళ్లీ వస్తే పోయినసారి కంటే ఎంత మారాడో అప్పుడు మీరూ చూడగలుగుతారు. మూడు నెలల కొలతలకు, రోజువారీ నోటుబుక్కుకు సరిపడే రిజిస్టరు నమూనా ఒకటి తెలుగులో గీసి పెట్టాను. రెండు పేజీలు. ఏ పీఈటీ సారైనా అరగంటలో నేర్చుకోవచ్చు. ఏ కార్యాలయం అడిగినా పంపుతాను, వచ్చి చూపించమన్నా వస్తాను.

ఇట్లు,
క్రీడాకారులకు ఫిట్‌నెస్ పరీక్షలు చేసే ఒక ల్యాబు ఉద్యోగి,
హైదరాబాద్.